సున్నుండకి ఎండ దొరకలేదు: ఇంట్లో పెంచిన తాబేలు చిప్ప మెత్తబడిన ఒక కేసు

నవంబర్ రెండో వారంలో ఒక శనివారం, క్లినిక్ మూసే వేళకి ఆ కుటుంబం వచ్చింది. అమ్మ, నాన్న, తొమ్మిదేళ్ల పాప. పాప చేతిలో చెప్పుల డబ్బా, అందులో మడతపెట్టిన తువ్వాలు, ఆ తువ్వాల్లో ఒక బుల్లి తాబేలు. గోధుమరంగులో గుండ్రంగా ఉందని దానికి సున్నుండ అని పేరు పెట్టుకున్నారు. "నడవట్లేదు డాక్టర్ గారూ, ఈదుతున్నట్టు కాళ్లు ఆడిస్తోంది అంతే" అంది తల్లి. ఆ ఒక్క మాటతోనే సగం అర్థమైంది.

నేను పనిచేసేది ఇంగ్లండ్‌లో, లండన్‌కి పడమరగా గంట ప్రయాణంలో ఉన్న ఊళ్లో. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ చదివిన రోజుల్లో నేను చూసినవన్నీ గేదెలు, గొర్రెలు, కోళ్లే. తాబేళ్ల వైద్యం ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాను. ఎముకలు మెత్తబడిన తాబేళ్లు ఏటా చలికాలంలో నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. వాటిలో ఈ కేసునే ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఇంట్లో నిర్లక్ష్యం అన్నది లేదు. దీపం ఉంది, హీటర్ ఉంది, థర్మామీటర్ ఉంది, రోజుకి నాలుగుసార్లు తొంగిచూసే పాప ఉంది. అయినా జబ్బు చేసింది. కుటుంబం అనుమతితో, వాళ్లని గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

సున్నుండ హెర్మన్ జాతి తాబేలు. స్పెయిన్ నుంచి ఇటలీ, గ్రీస్ దాకా మధ్యధరా తీరంలోని పొదల్లో తిరిగే జాతి ఇది. ఇంగ్లండ్‌లో ఇళ్లలో పెంచేవాళ్లు చాలామంది. అమ్మేవాళ్ల దగ్గర ఆర్టికల్ 10 సర్టిఫికెట్, అంటే రక్షిత జాతిని చట్టబద్ధంగా అమ్మడానికి ఇచ్చే అనుమతి పత్రం, ఉండాలి, వీళ్ల దగ్గర ఆ కాగితం సరిగ్గానే ఉంది. కొన్నప్పుడు దాని వయసు ఐదు నెలలు, నా దగ్గరికి వచ్చేసరికి ఏడాదిన్నర. బరువు 61 గ్రాములు, చిప్ప పొడవు 6.6 సెంటీమీటర్లు. ఆ పొడవుకి ఇంకో పది గ్రాములైనా ఉండాలి.

వెల్లకిలా పట్టుకుని పొట్టవైపు చిప్పని బొటనవేలితో మెల్లగా నొక్కాను. పిల్లతాబేలు గుడ్డులోంచి వచ్చిన కొత్తలో చిప్ప కొంచెం మెత్తగానే ఉంటుంది, అది మామూలే. ఏడాదిన్నరకి అది గట్టిపడి ఉండాలి. దీనిది మాత్రం ప్లాస్టిక్ డబ్బా మూతలా లోపలికి దిగి, వేలు తీయగానే మెల్లగా పైకి వచ్చింది. పై చిప్ప నడుము దగ్గర కుంగిపోయింది. పైముక్కు కిందికి వంగి పెరిగింది. కింద పెడితే ఒళ్లు లేపి నడవలేదు, వెనక కాళ్లు పక్కలకి జారిపోతున్నాయి. మూడు వారాలుగా కీరదోస ముక్క, టమాటా తప్ప మరేమీ ముట్టట్లేదని చెప్పారు.

ఎక్స్‌రేలో కాళ్ల ఎముకలకీ చుట్టూ ఉన్న కండకీ తేడా తెలియడమే కష్టమైంది. రక్తంలో అయనీకృత కాల్షియం (శరీరం నేరుగా వాడుకోగలిగే రూపం) తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. 61 గ్రాముల ప్రాణి నుంచి తీయగలిగేది మూడు చుక్కల రక్తమే కాబట్టి ఇంతకంటే పరీక్షలు పెట్టలేదు, అవసరమూ రాలేదు. ఇది మెటబాలిక్ బోన్ డిసీజ్. ఒంట్లో కాల్షియం చాలనప్పుడు పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి తోడి రక్తంలోకి పంపుతుంది. గుండె కొట్టుకోవాలన్నా, కండరం కదలాలన్నా కాల్షియం కావాలి. కాబట్టి ప్రాణం నిలవడానికి శరీరం తన ఇంటి దూలాలే పీకి పొయ్యిలో పెట్టుకుంటోందన్నమాట.

"మరి యూవీ లైట్ ఉంది కదండీ?" అన్నాడు తండ్రి. ఆ గొంతులో సందేహం కంటే బాధే ఎక్కువ వినిపించింది.

వాళ్లింట్లో మీటర్ చూపించింది

అలాంటి ప్రశ్నకి క్లినిక్‌లో కూర్చుని జవాబు చెప్పకూడదని నా పద్ధతి. ఆదివారం పొద్దున వాళ్లింటికి వెళ్లాను. పట్టుకెళ్లినవి రెండే: ఉపరితలం మీద వేడి చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్, యూవీ ఇండెక్స్, అంటే అతినీలలోహిత (యూవీ) కిరణాలు ఎంత బలంగా పడుతున్నాయో చెప్పే అంకె, చూపే సోలార్‌మీటర్ 6.5 అనే పరికరం.

90 సెంటీమీటర్ల పొడవున్న చెక్కపెట్టె, ముందు గాజు తలుపులు. పెంపుడు జంతువుల దుకాణంలో తాబేలుతో పాటు 'పూర్తి కిట్' అని అమ్మారట. ఎడమ చివర స్ప్రింగులా చుట్టలు తిరిగిన 13 వాట్ల బల్బు, అదే యూవీ లైట్. కుడి చివర వేడి కోసం ఒక చిన్న స్పాట్ బల్బు. దాని కిందే మట్టి అడుగున హీట్ మ్యాట్. రాత్రికి ఎర్ర బల్బు. వెనక గోడకి అంటించిన ముల్లు థర్మామీటర్ 24 డిగ్రీలు చూపిస్తోంది.

మొదట యూవీ బల్బు కింద, తాబేలు వీపు ఎత్తులో మీటర్ పెట్టాను. 0.3, అంటే దాదాపు లేనట్టే. బల్బు కొని పదమూడు నెలలైంది. కంటికి మాత్రం తెల్లగా దివ్యంగా వెలుగుతోంది. ఈ బల్బుల్లో యూవీబీ (యూవీ కిరణాల్లో చర్మంలో విటమిన్ డి తయారీకి పనికొచ్చే రకం) తగ్గిపోయాక కూడా మనకి కనిపించే వెలుతురు అలాగే ఉంటుంది. మన కన్ను యూవీబీని చూడలేదు, అందుకే చూసి నమ్మకూడదు. స్పాట్ బల్బు కింద రాయి మీద 27 డిగ్రీలు, అక్కడ యూవీ సున్నా. మట్టిని వేలితో తవ్వి అడుగున హీట్ మ్యాట్ మీద గన్ పెడితే 41.

తాబేలుకి వేడి పైనుంచి వస్తుందని పుట్టుకతోనే తెలుసు. ఎండ ఎక్కువైతే మట్టిలోకి తవ్వుకుని చల్లబడుతుంది. ఈ పెట్టెలో మట్టిలోకి దిగితే అడుగున పెనం ఉంది. అందుకే సున్నుండ అటూ ఇటూ కాకుండా మధ్యలో, ప్లాస్టిక్ గుడిసె వెనక పడుకునేది. వెలుతురు ఒక మూల, వేడి ఇంకో మూల, ఇంకొంత వేడి నేలలో. దేనికదే ఉంది. ఎండ మాత్రం ఎక్కడా లేదు.

తెలుగులో 'ఎండ' అన్న మాట నాకు ఈ కేసులో చాలా సాయపడింది. వెలుతురు వేరు, వేడి వేరు, ఎండ వేరు. ఎండ అంటే వెలుతురూ వేడీ చురుకూ కలిసి ఒకే దిక్కు నుంచి ఒంటి మీద పడటం. పాపకి కూడా అలాగే చెప్పాను, వెంటనే పట్టేసింది.

ఆ మూడూ ఎందుకు కలిసే రావాలన్నది శరీరంలో జరిగే పనిలోనే ఉంది. యూవీబీ కిరణం చర్మంలో ఉన్న ఒక కొలెస్ట్రాల్ రకాన్ని ప్రీవిటమిన్ డి3గా మారుస్తుంది. అది అసలు విటమిన్ డి3 కావాలంటే వేడి తగలాలి. మనలాంటి వేడిరక్తపు జీవుల్లో ఆ వేడి ఎప్పుడూ ఒంట్లోనే ఉంటుంది. తాబేలుకి అది బయటినుంచి రావాలి. చల్లటి చర్మం మీద యూవీ పడితే పని మొదలవుతుంది గానీ చాలా నెమ్మదిగా సాగుతుంది. ఆ తర్వాత కాలేయం, మూత్రపిండాలు దాన్ని ఇంకో రెండు మెట్లు ఎక్కించి, పేగుల్లో కాల్షియం ఇంకేలా చేస్తాయి. పేగులు కదలడానికీ వేడే కావాలి. 27 డిగ్రీల దగ్గర ఆగిపోయిన తాబేలు తిన్నది కూడా సరిగా అరగదు. కీరదోస, టమాటాల్లో కాల్షియం ఎలాగూ అంతంతమాత్రం. అంటే గొలుసులో అన్ని కొలికీలూ బలహీనమే.

ఇంకొక సంగతి. ఆ వేసవిలో నాయనమ్మ అనంతపురం నుంచి వచ్చి ఆరు నెలలు ఉన్నారు. "పాపం దీనికి ఎండ తగలట్లేదు" అని ఆవిడే రోజూ పొద్దున సున్నుండని కిటికీ గట్టు మీద ఎండపొడలో గంటసేపు పెట్టేవారట. మాట అక్షరాలా నిజం. కానీ మధ్యలో రెండు పొరల కిటికీ అద్దం ఉంది. మామూలు గాజు యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, వేడినీ వెలుతురునీ మాత్రమే లోపలికి రానిస్తుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో గాజు తలుపులేసిన బాల్కనీలో పెట్టినా అంతే. అదే వేసవిలో ఎండగా ఉన్న రోజుల్లో పెరట్లో గడ్డి మీద, కొంత నీడ ఉండేలా వదిలి ఉంటే కథ వేరుగా ఉండేది.

అనంతపురం మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. రాయలసీమ పొదల్లో దొరికే నక్షత్ర తాబేలుని ఇంట్లో పెట్టుకోవడం నేరం. 2022 సవరణ తర్వాత అది వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. 2019లో సైటిస్ అనే అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందంలో, వ్యాపార నిషేధం ఉన్న మొదటి అనుబంధంలోకీ చేరింది. దానికి ఏ దీపం కొనాలని దయచేసి నన్ను అడగకండి. దాని ఎండ దాని పొదల్లోనే ఉంది.

ఎండని మళ్లీ కట్టడం

వైద్యం అంటే ముందు మందులే గుర్తొస్తాయి గానీ ఈ కేసులో మందుల పాత్ర చిన్నది. రోజూ ఇరవై నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో, గడ్డం కింది దాకా మునిగేలా కూర్చోబెట్టడం. నోటి ద్వారా కాల్షియం ద్రవం. మొదటి ఆరు రోజులు సన్నటి ట్యూబుతో ఆహారం. విటమిన్ డి ఇంజెక్షన్ ఇవ్వలేదు. అది కొంచెం ఎక్కువైనా కాల్షియం మూత్రపిండాల్లో, రక్తనాళాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఎండ ద్వారా తయారయ్యే డి3కి ఆ భయం లేదు. ఎక్కువైన ప్రీవిటమిన్‌ని అదే కిరణం పనికిరాని పదార్థాలుగా మార్చేస్తుంది. శరీరం తన కొలత తానే చూసుకుంటుంది.

హీట్ మ్యాట్, ఎర్ర బల్బు ఆరోజే తీయించేశాను. తాబేళ్లకి రంగులు బాగా కనిపిస్తాయి, ఎరుపు కూడా. ఆ పిల్లకి పదమూడు నెలలుగా రాత్రి అన్నదే లేదు.

పెట్టె బదులు 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పుతో పైన మూతలేని చెక్క తొట్టి చేయించాం. తండ్రి ఒక్క సాయంత్రంలో చేసేశాడు. యూవీ కోసం టీ5 రకం ట్యూబ్‌లైట్, 12 శాతం యూవీబీది, వెనక రిఫ్లెక్టర్‌తో. చుట్టల బల్బు ఒక చుక్క మీద వెలిగితే, ట్యూబ్ అర తొట్టి పొడవునా పరుచుకుంటుంది. తాబేలు మొత్తం ఒళ్లు దాని కింద పడుతుంది. వేడి కోసం హాలోజన్ దీపం, సరిగ్గా ఆ ట్యూబ్ పక్కనే. సిరామిక్ హీటర్ కూడా వేడి ఇస్తుంది గానీ అది చర్మం పై పొరనే వేడెక్కిస్తుంది. హాలోజన్‌లో ఉండే దగ్గరి పరారుణ కిరణాలు లోపలి కండ దాకా దిగుతాయి, సూర్యుడి వేడికి దగ్గరగా ఉంటాయి. అందుకే పగటికి హాలోజన్, రాత్రి గది మరీ చల్లబడితే కాపాడటానికి మాత్రం సిరామిక్ హీటర్, థర్మోస్టాట్‌తో, 20 డిగ్రీలకి. ఆరోగ్యంగా ఉన్న తాబేలుకి ఇంట్లో రాత్రి చలి పర్వాలేదు, జబ్బుపడ్డ దానికి అంత చలి వద్దనుకున్నాను. ట్యూబ్‌ని మాత్రం ఎప్పుడూ థర్మోస్టాట్‌కి కలపకూడదు, దానికి టైమర్ చాలు. పొద్దున ఎనిమిదికి వెలిగి రాత్రి ఎనిమిదికి ఆరేలా పెట్టాం. హాలోజన్ హోల్డర్‌కి క్లిప్పు ఒక్కటీ నమ్మకుండా పైన గొలుసు కూడా కట్టించాను. క్లిప్పు జారి దీపం ఎండుగడ్డిలో పడితే ఇల్లే అంటుకుంటుంది.

యూవీ ఎంత ఉండాలన్నది గుడ్డిగా వేసే లెక్క కాదు. సరీసృపాల పరిశోధకుడు గ్యారీ ఫెర్గూసన్, ఆయన సహచరులు బల్లులూ పాములూ బయట ప్రకృతిలో ఎంత యూవీ తీసుకుంటున్నాయో కొలిచి 2010లో నాలుగు జోన్లుగా విడదీశారు. తర్వాత వేరే జాతులనీ ఆ జోన్లలో పెట్టారు. హెర్మన్ తాబేలుది మూడో జోన్, ఎండ కాచుకునే చోట యూవీ ఇండెక్స్ సుమారు 3 నుంచి 7 దాకా ఉండొచ్చు. నెలల తరబడి యూవీ లేకుండా ఉన్న పిల్లని ఒక్కసారిగా అందులోకి తోయడం నాకు ఇష్టం లేకపోయింది. మొదటి వారం ట్యూబ్‌ని ఎత్తులో కట్టి 2 దగ్గర ఉంచాను. తర్వాత కిందికి దించి, వీపు ఎత్తులో 3.5 చూపించాక ఆపాను. అటు చివర యూవీ సున్నా, వేడి 21. ఎండా నీడా రెండూ ఉండాలి, ఎంత కావాలో తాబేలే తేల్చుకుంటుంది.

తిండి మారింది. డాండెలియన్, ఆకు మీద నిలువు చారలుండే ప్లాంటేన్ (అరటి కాదు, ఒక కలుపుమొక్క), క్లోవర్ ఇక్కడ ఏ గడ్డిలో చూసినా ఉంటాయి, డబ్బు పెట్టక్కర్లేదు. మందు కొట్టని చోట కోయాలంతే. పక్కన కాల్షియం కోసం కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఎముక ఒకటి.

నేను చేసిన పొరపాటు

పదో రోజు పాప వీడియో పంపింది. "ఆంటీ, సున్నుండ ఎండలోకి రాదు. వచ్చినా ఒక్క నిమిషమే." తిండి కొంచెం మొదలైంది, కాళ్లలో కొంచెం బలం కనిపిస్తోంది, కానీ ఎండ కాచుకోవట్లేదు. నాకు టెన్షన్ పట్టుకుంది. ఎండలోకి రాకపోతే మేం కట్టినదంతా వృథా.

ఆ సాయంత్రం వెళ్లి మళ్లీ కొలిచాను. హాలోజన్ కింద ఉంచిన పలకరాయి మీద 35 డిగ్రీలు, నేను పెట్టినంతే ఉంది. తర్వాత సున్నుండని దాని మీద కూర్చోబెట్టి, పది నిమిషాలాగి, గన్‌ని దాని వీపు మీదికి తిప్పాను. చిప్ప నడుమ పలక మీద 43. పక్క పలకల మీద 31. నేను వాడిన హాలోజన్ సన్నటి కిరణం దీపం. రాయి వేడిని లాగి చుట్టూ పంచేస్తుంది. పొడి చిప్ప అలా పంచదు, ముదురు రంగుది కూడా కాబట్టి కిరణం పడ్డ చోటే కాగిపోతుంది. నేను రాయిని కొలిచి తృప్తి పడ్డాను, తాబేలుని కొలవలేదు. ఆ పిల్లకి వీపు నడుమ నిప్పు, కాళ్లకి చలి. రాకపోవడమే తెలివైన పని.

సన్నటి దీపం తీసేసి, వెడల్పుగా పరుచుకునే ఫ్లడ్ రకం హాలోజన్ పెట్టి ఎత్తు పెంచాను. వీపు మీద నడుమ 36, అంచుల్లో 33 వచ్చేదాకా పది నిమిషాలకొకసారి కొలుస్తూ కూర్చున్నాం. తొమ్మిదిన్నర అయిపోయింది, పాప తల్లి నాకు పెరుగన్నం పెట్టింది. మర్నాడు పాప పుస్తకంలో రాసింది ఇప్పటికీ నా ఫోన్‌లో ఫొటోగా ఉంది: "8:20 బయటికి వచ్చింది. 8:35 రాయి మీద. కాళ్లు నాలుగూ చాపేసింది. మెడ చాపేసింది. 9:15 ఆకు తింది." కాళ్లూ మెడా చాపేసి పడుకోవడం చూసి కొందరు చచ్చిపోయిందేమో అని భయపడతారు. తాబేలు హాయిగా ఎండ కాచుకునే తీరు అదే.

అప్పటినుంచి ఏ కేసులోనైనా మొదటి కొలత వీపు మీదే.

ఇంకో చిక్కు తేమతో వచ్చింది. మూతలేని తొట్టి, శీతాకాలంలో రోజంతా నడిచే ఇంటి హీటింగ్, పైన హాలోజన్, మూడూ కలిసి గాలిని ఎండబెట్టేశాయి. పిల్లతాబేళ్లు పొడిగాలిలో పెరిగితే చిప్ప మీద ప్రతి పలకా చిన్న గోపురంలా పైకి లేస్తుంది. ఆఫ్రికన్ స్పర్డ్ తాబేలు పిల్లల మీద 2003లో వచ్చిన అధ్యయనం తిండిలో ప్రొటీన్ కంటే గాలిలో తేమకే దీనిలో ఎక్కువ పాత్ర ఉందని చూపించింది. చల్లగా ఉండే సగం మీద పలుచటి చెక్క పరిచాం. గుడిసెలో తడి కొబ్బరిపీచు పెట్టి, మట్టిని అడుగున తడిగా, పైన పొడిగా ఉంచమన్నాను. సున్నుండ రాత్రి ఆ గుడిసెలో పూర్తిగా దూరిపోయి పడుకుంటోందని చెప్పారు, అదే కావాల్సింది.

ఆ తర్వాత

మూడో వారానికి తనే బాగా తినడం మొదలుపెట్టింది. ఆరో వారంలో ముక్కుని కొంచెం అరగదీశాను. ఎనిమిదో వారంలో పాప పంపిన వీడియోలో సున్నుండ ఒళ్లు లేపి, కింద చిన్న చీకటి గీత కనిపించేలా నడిచింది. పొట్టకీ నేలకీ మధ్య ఆ గీత కోసమే నేను రెండు నెలలు ఎదురుచూశాను. ఐదో నెల ఎక్స్‌రేలో తొడ ఎముక అంచులు స్పష్టంగా కనిపించాయి, బొటనవేలితో నొక్కితే చిప్ప కదల్లేదు. బరువులు వరసగా 61, 66, 79, పదకొండో నెలలో 118 గ్రాములు.

నడుము దగ్గర కుంగిన చోటు మాత్రం అలాగే ఉంది, ఇక ఉంటుంది. చిప్ప ఒక ఆకారంలో గట్టిపడ్డాక దాన్ని వెనక్కి తేలేం. వెనక కాళ్లు కొంచెం ఎడంగా పడతాయి, దానితోనే బాగా నడుస్తోంది. ఇంకో విషయం, ఇది ఆడదైతే పెద్దయ్యాక గుడ్లు పెట్టే సమయంలో ఈ కుంగిన చిప్ప వల్ల ఇబ్బంది రావచ్చని వాళ్లకి ముందే చెప్పాను. ఆడో మగో తేలడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది.

ఆ కిట్‌కి వాళ్లు పెట్టింది 240 పౌండ్లు. మేం పెట్టిన ట్యూబ్, రిఫ్లెక్టర్, హాలోజన్, టైమర్, థర్మోస్టాట్‌తో కూడిన సిరామిక్ హీటర్, అన్నీ కలిపి 150 దాటలేదు. ఆ 240లో కొంత యూవీ మీటర్ అద్దెకో, తెలిసినవాళ్ల దగ్గర అరువుకో పోయి ఉంటే ఈ జబ్బే వచ్చేది కాదు. ఇక్కడ తాబేలు పెంపకందార్ల సంఘాల్లో మీటర్ చేతులు మారుతూ తిరుగుతుంటుంది, అడిగితే ఇస్తారు.

మొన్న అక్టోబర్‌లో చివరిసారి చూశాను. చలికాలం నిద్ర గురించి అడిగారు. హెర్మన్ తాబేళ్లకి అది సహజమే. కానీ ఎముకలు ఇంకా పూర్తిగా నిండని పిల్లని ఈ ఏడాది నిద్రపుచ్చొద్దన్నాను, వచ్చే ఏడాది ఎక్స్‌రే చూశాక ఆలోచిద్దాం. ట్యూబ్ కూడా మార్చాం. పాత ట్యూబ్ వెలుగుతూనే ఉంది, మీటర్ మాత్రం అదే ఎత్తులో 3.5 నుంచి 2.2కి దిగింది. కొత్త ట్యూబ్ చివర పాప తెల్ల టేపు అంటించి, దాని మీద తేదీ రాసి, పక్కనే "వీపు మీద కొలవాలి" అని తెలుగులో రాసింది.